రేకులక్కా, మందపాటి బంగారమూ

ఆ గదిలో నవ్వకూడదు. తలుపు మీద అలాంటి బోర్డేమీ ఉండదు గానీ, లోపల అడుగుపెట్టిన ప్రతివాళ్ళకూ మొదటి రోజే తెలిసిపోతుంది. కిటికీ లేని గది, తెల్లటి బల్ల, బల్ల మీద మైక్రోస్కోపు, దాని కింద చిటికెన వేలి గోరును కూడా కప్పలేని బంగారు రేకు. మనిషి నవ్వితే ఊపిరి బయటికొస్తుంది, ఊపిరి తగిలితే రేకు లేస్తుంది, లేచిన రేకు ఇక ఈ జన్మకు దొరకదు. ఒకసారి పక్క గదిలో పనిచేసే ప్లేట్ల బాబాయ్ గుమ్మంలో నిలబడి ఏదో జోకు వేశాడు. రెండు రోజుల పని ఏసీ సందుల్లోకి పోయింది. అప్పట్నించి ఆయన ఆ గుమ్మానికి వచ్చినప్పుడల్లా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు. కొత్తవాళ్ళు చూసి ఆయనకేదో అంటురోగం ఉందనుకుంటారు.

ఆ గదిని ఏలే ఆవిడను భవనంలో అందరూ రేకులక్క అంటారు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దయిన డైరెక్టరు కూడా అక్కా అనే పిలుస్తాడు. వయసు యాభై రెండు. పొట్టి మనిషి, చురుకైన చూపు, ఒళ్ళంతా హడావుడే గానీ మణికట్టు దగ్గర్నుంచి వేళ్ళ చివరి దాకా మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉంటాయి. మాట్లాడేటప్పుడు తల ఊగుతుంది, భుజాలు ఎగురుతాయి, కాలు ఒక్క చోట నిలవదు. పట్టకారు పట్టుకున్న చెయ్యి మాత్రం కదలదు.

ఆ చెయ్యి నాన్న దగ్గర తయారైంది. ఆయన కట్టుడు పళ్ళు చేసేవాడు. ఊళ్ళో సగం మంది నవ్వు మా నాన్న చేతి పనే అని ఆమె ఇప్పటికీ గొప్పలు పోతుంది. పంటికి బంగారు తొడుగు వేయాలంటే బంగారాన్ని పలచగా సాగదీయాలి; పదేళ్ళ వయసులో ఆమెకు ఆ విద్య పట్టుబడింది. బంగారం వింత లోహం. కొట్టిన కొద్దీ విరగకుండా సాగుతూనే ఉంటుంది. వెంట్రుక మందం ఎంతో, అంతలో బాగా కొట్టిన రేకులు ఏడెనిమిది వందలు పేర్చవచ్చు. అంత పలచటి రేకును దీపానికి అడ్డం పెట్టి చూస్తే అవతలి వెలుగు పసుపుగా కాదు, ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఏ దేశంలో ఏ పుస్తకాలయంలో కూర్చుని చదివినా ఈ మాట చిత్రంగానే ఉంటుంది. కళ్ళారా చూస్తే మాత్రం ఒక్క క్షణం మనిషి మాట్లాడలేడు. రేకులక్క ఇది చూసి నలభై ఏళ్ళయింది, ఇంకా అలవాటు పడలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఈ లేజరు కేంద్రం వాళ్ళు సన్నపని తెలిసిన మనిషి కోసం వెతుకుతుంటే ఎవరో ఆమె పేరు చెప్పారు. ఇంటర్వ్యూలో లేజరంటే ఏమిటో తెలుసా అని అడిగారు. "తెలీదండీ. మీకు కట్టుడు పన్ను ఎలా చేస్తారో తెలుసా?" అని అడిగింది. ఉద్యోగం ఇచ్చారు.

లేజరు పెద్ద హాల్లో ఉంటుంది. ఆడుకునే మైదానమంత హాలు. ఒక చివర దారప్పోగులాంటి వెలుగు పుడుతుంది, గాజు పలకల్లోంచి వెళ్తూ బలుస్తూ బలుస్తూ రెండో చివరకు వచ్చేసరికి పళ్ళెమంత అవుతుంది. అప్పుడు దాన్నంతా ఒక ఉక్కు గుండంలోకి, అంటే గాలి తోడేసిన ఛాంబరులోకి పంపి, వెంట్రుకకన్నా సన్నటి చుక్కలోకి కుదిస్తారు. ఆ వెలుగు ఉండేది ఎంతసేపో చెప్పాలంటే, సెకనులో భూమిని ఏడుసార్లకు పైగా చుట్టి రాగల కాంతి నువ్వుగింజ పొడవును దాటడానికి పట్టేంతసేపు. రెప్పపాటులో కోటో వంతు కూడా లేని ఆ కాలంలో ఆ చుక్క దగ్గర ఉన్నదేదైనా మాయమవుతుంది. ఆ చుక్క దగ్గర ఉండేది రేకులక్క చేసిన రేకు. మూడు రోజులు కళ్ళు లాగేలా కూర్చుని చేసినది 'టక్' అనే చప్పుడుతో పోతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేసిన వాటిలో ఒక్కటి కూడా మిగల్లేదు. దానికామెకు బాధ లేదు; ఎవరైనా జాలిపడితే "వంట చేసేవాళ్ళకు మాత్రం ఏం మిగులుతుంది?" అనేది.

వచ్చిన శాస్త్రవేత్త ప్రతివాడూ అడిగేది ఒకటే: ఇంకా పలచగా. కిందటేటి కన్నా పలచగా. ఆమె పలచగా చేస్తూనే ఉంది. అలాంటి చోటికి డాక్టరు గారు వచ్చి మందంగా కావాలన్నాడు.

డాక్టరు గారంటే మందులిచ్చే డాక్టరు కాదు. గేటు దగ్గర కాపలా ఆయన ఆ సంగతి తెలియక ఒకసారి ప్యాంటు మడిచి మోకాలు చూపించాడు. నలభై ఏళ్ళు దాటని మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ మూత పోయిన పెన్ను. ఆరేళ్ళుగా ఒకే పని మీద ఉన్నాడు: వెలుగుతో బంగారాన్ని కొట్టి అందులోంచి ప్రతిపదార్థాన్ని, అంటే యాంటీమేటరును, పుట్టించాలి.

"అక్కా, ఒక మిల్లీమీటరు కావాలి," అన్నాడు.

"వెడల్పా?"

"మందం."

రేకులక్క పట్టకారు కింద పెట్టింది. "మందమా? డాక్టరు గారూ, మిల్లీమీటరు మందం బంగారానికి నా దగ్గరికెందుకండీ రావడం? తాళంచెవులు కోసే అతన్నడిగినా కోసిస్తాడు."

"అలా అనకక్కా."

"మరెలా అనను? ఇరవై రెండేళ్ళు సన్నాయి వాయించినదాన్ని తెచ్చి డబ్బా కొట్టమంటే?"

ఆయన నవ్వబోయి, గది గుర్తొచ్చి ఆగి, బల్ల పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రేకు మీద వెలుగు పడితే ఎలక్ట్రాన్లు పరుగెత్తుకొస్తాయి, ఔనా? పలచటి రేకైతే అవి అలా దాటి వెళ్ళిపోతాయి. మందంగా ఉంటే దారి పొడుగునా బంగారు అణువులు అడ్డం వస్తాయి. ఒక్కో అణువూ మధ్యలో బరువైన గుండుతో కూర్చుని ఉంటుంది. దాని పక్కనుంచి పోతుంటే ఎలక్ట్రాను సర్రున వంపు తిరుగుతుంది. తిరిగినప్పుడు ఒక మెరుపు వదులుతుంది. ఆ మెరుపు ఇంకో గుండు పక్కగా వెళ్తూ ఉన్నట్టుండి రెండు ముక్కలవుతుంది. కవలలు. ఒకటి మామూలు ఎలక్ట్రాను, రెండోది దాని ప్రతిరూపం. బరువు అంతే, తీరు అంతే, కరెంటు మాత్రం ఎదురు. దాన్నే పాజిట్రాను అంటారు. ఎలక్ట్రాను ఎదురైతే చాలు, రెండూ కలిసి వెలుగైపోతాయి."

"అంటే వెలుగు పోసి, దాన్ని వస్తువు చేసి, మళ్ళీ వెలుగు చేస్తారన్నమాట. మరి మధ్యలో మీకేంటి లాభం?"

"ఆ మధ్యలోనే చూడాలని ఆరేళ్ళుగా తిరుగుతున్నా అక్కా."

ఆ మాటకు ఆమె మనసు కరిగింది. బంగారం కోసింది. రెండు మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం ఉన్న బిళ్ళలు పదిహేను. తాళంచెవులవాడు చేయలేనట్టుగా అద్దంలా నున్నచేసి ఇచ్చింది, అది వేరే సంగతి.

పదిహేనే ఎందుకంటే లేజరు వంతులు పంచే కమిటీ వాళ్ళు ఆయనకు ఇచ్చినవి పదిహేను షాట్లు. రోజుకు మూడు, అయిదు రోజులు. లేజరు ఒకసారి పేలాక గాజు చల్లబడడానికి గంటలు పడుతుంది. శుక్రవారం సాయంత్రానికి పాజిట్రాన్లు కనబడితే పని కొనసాగుతుంది. కనబడకపోతే సోమవారం హాలు వేరే బృందానిది. ఆ వచ్చేవాళ్ళకు రేకులతో పని లేదు, వాళ్ళు వాయువు మీద కొడతారు. రేకుల గది మూసేసి రేకులక్కను స్టోర్సుకు పంపుతామని ఉత్తరం కూడా వచ్చింది. స్టోర్సులో పనంటే చేతితొడుగులు ఇచ్చి సంతకం తీసుకోవడం.

సోమవారం మూడు, మంగళవారం మూడు, బుధవారం మూడు, గురువారం మూడు. పన్నెండు బిళ్ళలు పోయాయి.

చూసే పద్ధతి తేలికైనదే. బంగారం వెనక అయస్కాంతం ఉన్న పెట్టె ఒకటి ఉంటుంది. బిళ్ళలోంచి వచ్చినవి సన్నటి సందులోంచి ఆ పెట్టెలోకి దూరితే, ఎలక్ట్రాన్లు ఎడమకు తిరుగుతాయి, పాజిట్రాన్లు కుడికి తిరుగుతాయి. రెండు వైపులా, తగిలిన దాన్ని గుర్తుపెట్టుకునే ప్లేట్లు. వాటిని చీకటి పెట్టెలో తెచ్చి యంత్రంలో పెట్టి చదివేది ప్లేట్ల బాబాయ్. ఎడమ ప్లేటు ప్రతిసారీ నల్లగా కాలినట్టు వచ్చేది. కుడి ప్లేటు మీద మాత్రం మంచు పట్టినట్టు పలచటి బూడిదరంగు, అంతే. ఒక చోట గుట్టలా లేస్తే పాజిట్రాన్లు. అంతటా సమంగా ఉంటే చెత్త.

"చెత్తేనమ్మా," అన్నాడు బాబాయ్ గురువారం సాయంత్రం, పన్నెండో ప్లేటు పట్టుకుని. "మంచులో పొలం చూసినట్టుంది."

డాక్టరు గారు జేబులోంచి పెన్ను తీసి, చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ముగ్గురే. రేకులక్క, ఆమె భర్త, కూతురు. భర్త కారు నడపడం నేర్పుతాడు. పాతికేళ్ళు పక్క సీట్లో కూర్చుని రెండో బ్రేకు మీద కాలు పెట్టుకున్న మనిషి కావడంతో ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే ఆయన కుడికాలు బల్ల కింద నేలను తొక్కుతుంది. కూతురు ఆసుపత్రిలో స్కానింగు విభాగంలో పనిచేస్తుంది.

"ఏమ్మా, దొరికాయా మీ పాజిట్రాన్లు?" అంది కూతురు.

"నోరు మూసుకుని తిను."

"కాదమ్మా, మా దగ్గర రోజూ ఉంటాయి కదా! పేషెంటుకు ఇంజెక్షన్ ఇస్తాం, ఒంట్లో అవే పుడతాయి. అవి ఎలక్ట్రాన్లతో కలిసి వెలుగైపోతే ఆ వెలుగుతోనే బొమ్మ తీస్తాం. రోజుకు పదిమందికి. మీరేమో అంత హాలు కట్టుకుని ఒక్కటీ పట్టుకోలేకపోయారా?"

కూతురు అన్నది అబద్ధమేమీ కాదు. ఆ మాటకొస్తే తొక్క ఒలిచి తినే అరటిపండు కూడా గంటకో గంటంబావుకో ఒక పాజిట్రానును వదులుతుంది. ప్రపంచంలో ఎక్కడ ఏ బండి మీద గెలలు వేలాడుతున్నా అక్కడ ప్రతిపదార్థం పుట్టి చస్తూనే ఉంటుంది. కానీ అవి ఒక్కొక్కటిగా, ఎప్పుడు పడితే అప్పుడు, ఎటు పడితే అటు వస్తాయి. డాక్టరు గారికి కావలసింది కోట్ల కొద్దీ ఒకేసారి, ఒకే దారిలో. ఇదంతా రేకులక్క చెప్పబోయింది, గొంతు లేచింది, బల్ల కింద భర్త బ్రేకు వేశాడు.

"అది కాదే. బొమ్మ ఎందుకు రావట్లేదో తెలియట్లేదు," అంది చివరికి. "కుడి పక్కంతా మంచే."

"మాకూ ఒక్కోసారి బొమ్మ పాడవుతుంది. అందుకే ముందే అన్నీ తీసేయిస్తాం."

"ఏం తీసేయిస్తారు?"

"ఒంటి మీది లోహం. గొలుసు, ఉంగరాలు, బెల్టు బకిలు. ఒకావిడ మొన్న నడుం వెనక పిన్నీసు మర్చిపోయింది, బొమ్మలో అక్కడంతా..."

రేకులక్క నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"వెనక," అంది ఆమె. "బిళ్ళ వెనక నా చట్రం ఉంది."

ఆ చట్రం సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. పలచటి రేకు తనంతట తాను నిలబడదు. అందుకని వాషరు లాంటి ఇత్తడి చట్రం మీద పరిచి అతికించాలి. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసిన ప్రతి రేకూ చట్రం మీదే కూర్చుంది. ఆర్డరు కాగితంలో దానికో గడి కూడా ఉంది. అందులో ఎప్పుడూ 'మామూలే' అని రాసి ఉంటుంది. బంగారు బిళ్ళలకూ ఆమె అలవాటు కొద్దీ చట్రం కట్టింది. బిళ్ళ చిన్నది కనుక, అది ఆనడానికి చోటుండాలని, చిల్లు చిన్నగా ఉన్న చట్రం ఎంచి మరీ కట్టింది. మిల్లీమీటరు మందం బిళ్ళకు ఆనుడెందుకని ఎవరూ అడగలేదు. ఆమె తనను తాను కూడా అడగలేదు.

"అయితే నీ వల్లే రాలేదా?" అన్నాడు భర్త మెల్లగా.

"ఏమో. చూడాలి. కాలిన చట్రాలు పన్నెండూ నా దగ్గరే ఉన్నాయి."

"చూసి, అదే నిజమైతే చెప్తావా?"

"చెప్పకుండా ఎలా?"

"రేపటితో ఎలాగూ ఐపోతుంది కదే. ఇప్పుడు చెప్తే ఆరేళ్ళ పనీ నువ్వే పాడుచేశావంటారు. చెప్పకపోతే చేతితొడుగులే, పరువుగా వెళ్ళొచ్చు."

"నాన్నా!" అంది కూతురు.

"నేననట్లేదు, వాళ్ళంటారంటున్నా."

రేకులక్క కంచం పక్కకు నెట్టి లేచింది. లేపింది భయమో ఉత్సాహమో ఆమెకే తేలలేదు. రెండూ ఒకే చోట పుడతాయి కాబోలు.

తెల్లవారి ఆరింటికల్లా ఆమె గదిలో ఉంది. ప్రతి షాటు తర్వాత ఛాంబరు తెరిచినప్పుడు మిగిలిన చట్రాన్ని ఏరి తెచ్చుకోవడం ఆమెకు అలవాటు. ప్లేట్ల బాబాయ్ దాన్ని శవపరీక్ష అనేవాడు. పన్నెండు చట్రాల్నీ వరసగా పేర్చి ఒక్కొక్కటీ మైక్రోస్కోపు కింద పెట్టింది. మొదటి దానిలో చిల్లు లోపలి అంచు ఒక పక్క కరిగి కారింది. వెనక వైపు బంగారం పూత పూసినట్టు అంటుకుంది. రెండోదీ అంతే. మూడు, నాలుగు, అయిదు... పన్నెండూ ఒకే అచ్చు. బిళ్ళ వెనక నుంచి ఏదైతే బయటికి రావాలో అదంతా ముందుగా ఆమె ఇత్తడికే తగిలింది.

ఏడుంబావుకు డాక్టరు గారి గది తలుపు కొట్టింది. ఆయన రాత్రి ఇంటికి వెళ్ళాడో లేదో తెలియనట్టుంది వాలకం.

"డాక్టరు గారూ, మీ కంప్యూటరులో బిళ్ళ బొమ్మ ఉంటుంది కదా. లెక్కలు కట్టే బొమ్మ. ఒకసారి చూపించండి."

ఆయన విడ్డూరంగా చూసి, తెర మీద బొమ్మ తెరిచాడు. నల్లటి శూన్యంలో పచ్చటి బిళ్ళ. ఎడమ నుంచి వెలుగు వచ్చి తగులుతుంది. వెనక నుంచి ఎర్రచుక్కలు ఫౌంటెనులా ఎగసి ఒకే దారి పడుతున్నాయి. "ఇవీ పాజిట్రాన్లు. లెక్క ప్రకారం ఇలా రావాలి."

"చాలా బాగుంది. ఇందులో నా చట్రమేదీ?"

"ఏ చట్రం?"

"నేను కట్టిన ఇత్తడి చట్రం. బిళ్ళ వెనక."

ఆయన తెర వంక చూశాడు, ఆమె అరచేతిలోని చట్రాల వంక చూశాడు, మళ్ళీ తెర వంక చూశాడు. ఆరేళ్ళు ఆ బొమ్మలో బంగారం గాలిలో తేలుతూనే ఉంది. దాన్ని ఏదో పట్టుకుని నిలబెట్టాలన్న సంగతి ఆయన లెక్కల్లోకి రాలేదు. ఆమె ఇరవై రెండేళ్ళ అలవాటు ఆమె కళ్ళకు కనబడనట్టే.

"తప్పు నాదండీ," అంది రేకులక్క. "మందపాటిదానికి చట్రం అక్కర్లేదు. అలవాటు కొద్దీ కట్టేశాను. పన్నెండు సార్లు."

ఆయన పైకి లేచాడు. తిడతాడేమోననుకుంది. రెండు చేతుల్తో తల పట్టుకుని గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చి, "వెనక ఖాళీ ఉండాలక్కా!" అని అరిచినంత పని చేశాడు. "ఎలక్ట్రాన్లు ముందు దూకి వెనక తెర కడతాయి. ఆ తెర లాగితేనే పాజిట్రాన్లు ఒక దారిలోకి వస్తాయి. ఇత్తడి ఉంటే తెర ఎక్కడ నిలుస్తుంది? చెదిరిపోయినవన్నీ పోయి ప్లేటు మీద పడ్డాయి. మంచు! అదే ఆ మంచు! పన్నెండు కాగితాల మీద 'మామూలే' అని రాసి సంతకం పెట్టింది నేనక్కా. నువ్వొక్కదానివే ఎలా మోస్తావు? ఇప్పుడు టైమెంత?"

"ఏడున్నర."

"పదకొండింటికి మొదటి షాటు. గాలి తోడడానికే రెండు గంటలు. తొమ్మిదింటికి బిళ్ళ లోపలుండాలి. చట్రం లేకుండా నిలబెట్టగలవా?"

"గాజు పోగు మీద నిలబెడతా."

"బంగారం బరువు కదా?"

"బరువే," అంటూనే ఆమె వరండాలో సగం దూరం పోయింది.

వెంట్రుకంత గాజు పోగు చివర బంగారు బిళ్ళను నిలబెట్టడమంటే అగరవత్తి మీద ఇటుకను నిలబెట్టినట్టే. జిగురుతో అంటిస్తే ఊడి పడుతుంది. ఊడిపోయే పన్నుకు నాన్న దవడలో పోస్టు అనే సన్నటి ములుకు దింపి కూర్చోబెట్టేవాడు. అదే పని చేసింది. బిళ్ళ అంచున సూదిమొనంత గుంట తొలిచి, పోగు కొస అందులో దింపి, జిగురు చుక్క వేసి, ఊపిరి బిగబట్టి అరవై లెక్కపెట్టింది. నిలబడింది. తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా దాన్ని ఛాంబరులో బిగించారు.

పదిన్నరకు కెమెరాలో చూస్తే బిళ్ళ వణుకుతోంది. గాలి తోడే పంపు అదురుకు పోగు ఊగుతోంది.

"కొంచెమే కదా, కొట్టేద్దాం," అన్నాడు ఆపరేటరు.

"కొంచెమంటే చుక్క పట్టే చోటుకు మూడింతలు," అంది రేకులక్క. "బిళ్ళ మీద వెలుగు చుక్కగా కుదరదు. వద్దు."

"ఆపితే ఈ షాటు పోయినట్టే. రెండే మిగుల్తాయి."

"కొట్టినా పోయినట్టే. బిళ్ళ కూడా పోతుంది."

డాక్టరు గారు ఆమె మొహం చూసి, "ఆపండి," అన్నాడు.

పదమూడోది అలా పోయింది. ఆమె పోగును సగానికి కోసింది. పొట్టిగా ఉంటే ఊగదు. కానీ బిళ్ళ చుక్క దాకా అందదు; పోగును బిగించే ఉక్కు దిమ్మను ముందుకు జరపడానికి ఇద్దరు మనుషులు బోర్లా పడుకుని స్పానర్లు పట్టాల్సి వచ్చింది. అందులో ఒకరు డాక్టరు గారు. చొక్కా అంతా గ్రీజు. మధ్యాహ్నం రెండింటికి కెమెరాలో బిళ్ళ రాయిలా నిలబడింది.

ఎర్రదీపాలు వెలిగాయి. తలుపులు పడ్డాయి. స్పీకరులో అంకెలు వెనక్కి నడిచాయి. ఇన్నేళ్ళలో షాటు సమయానికి ఆమె ఎప్పుడూ తర్వాతి రేకు పనిలో ఉండేది. ఆ రోజు కంట్రోలు రూములో గోడకు ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడింది. మూడు, రెండు, ఒకటి. టక్.

ప్లేట్ల బాబాయ్ చీకటి పెట్టెతో పరుగెత్తుకొచ్చాడు. ఆయన మోకాళ్ళకు పరుగు పడదు, అయినా పరుగెత్తాడు. యంత్రంలో కుడి ప్లేటు పెట్టాడు. తెర మీద బొమ్మ వరస తర్వాత వరసగా దిగడం మొదలైంది. మొదటి పది వరసలు బూడిద. ఇంకో పది, బూడిద. తర్వాత బూడిద మధ్యలో కాస్త ముదురు మచ్చ. ఇంకొంచెం ముదురు. ఇంకా ముదురు. తర్వాత మళ్ళీ పలచబడి బూడిద.

"గుట్ట," అన్నాడు బాబాయ్. "గుట్టరా నాయనా!"

డాక్టరు గారు తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి వంగాడు. ఆమె అనుకున్నట్టు ఎగిరి గంతెయ్యలేదు. "ఇది అవేనని ఎలా నమ్మడం? ప్లేటు మీద మరకైతే?"

"పన్నెండు సార్లు రాని మరక ఇవాళే వచ్చిందా?" అన్నాడు బాబాయ్.

"కమిటీ అడుగుతుంది బాబాయ్. అడక్కముందే మనమే అడగాలి." ఆయన తల తిప్పి రేకులక్కను చూశాడు. "ఇంకొక్క షాటే ఉంది కదక్కా?"

"ఒక్కటే ఉంది. బిళ్ళను పోగుకు ఎక్కించి పెట్టాను."

"అయస్కాంతాన్ని తిప్పేద్దాం. ఉత్తరం దక్షిణం చేస్తే ఎలక్ట్రాన్లు కుడికి పోవాలి, ఇవి ఎడమకు పోవాలి. మరకైతే కదలదు. పాజిట్రాన్లైతే పక్క మారతాయి."

"మారకపోతే?"

"చేతితొడుగులు ఇద్దరం కలిసి ఇద్దాం."

అయస్కాంతం తిప్పడానికి నలుగురు కావాల్సి వచ్చింది. గాలి తోడిన రెండు గంటలూ రేకులక్క కంట్రోలు రూముకూ ప్లేట్ల గదికీ మధ్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. భర్త ఫోను చేశాడు. "చెప్పావా?" అన్నాడు. "చెప్పా." "తిట్టారా?" "తీరికెక్కడుంది? పెట్టేయండి." పెట్టేసింది. అయిదింటికి కమిటీ చైర్మన్ స్వయంగా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఆయన చేతికి గడియారం లేదు గానీ మొహమే గడియారంలా ఉంది.

టక్.

ఈసారి బాబాయ్ వెంట అందరూ పరుగెత్తారు. ఇరుకు గదిలో ఏడుగురు. ముందు కుడి ప్లేటు: నల్లగా మాడిపోయింది. ఎలక్ట్రాన్లు ఇటు వచ్చేశాయి. తర్వాత ఎడమ ప్లేటు. వరస దిగింది. బూడిద. ఇంకో వరస. రేకులక్క ఊపిరి బిగబట్టింది, బల్ల మీద రేకేమీ లేకపోయినా. ఆరు, ఏడు, ఎనిమిది. అప్పుడు లేచింది గుట్ట. ఎడమ పక్క. ఇంతకు ముందు కుడి ప్లేటు మీద ఎంత దూరంలో ఉందో సరిగ్గా అంతే దూరంలో, అద్దంలో చూసినట్టు.

గది దద్దరిల్లింది. బాబాయ్ చేతిరుమాలు గాలిలోకి విసిరాడు, అది చైర్మన్ భుజం మీద పడింది, ఆయన దాన్ని తీయడం మర్చిపోయి తెర వంకే చూస్తున్నాడు. డాక్టరు గారు పెన్ను తీసి ఏదో రాయబోయాడు, సిరా లేదు.

"ఎన్ని ఉంటాయి ఇందులో?" అంది రేకులక్క, గుట్ట మీద వేలు పెట్టి.

"లెక్క తేలాలి. బిళ్ళలోంచి వచ్చినవన్నీ కలిపితే... కోట్లు, అక్కా. వందల కోట్లు కూడా కావచ్చు. అన్నీ ఒక్కసారే."

ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి. వందల కోట్లు, నువ్వుగింజంత సమయంలో, తను కోసిన బంగారంలోంచి. పుట్టాయి, ఒక దారి పట్టాయి, గుర్తు మిగిల్చి వెలుగైపోయాయి.

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "సోమవారం వాళ్ళకు నేను చెప్తాను. ఇంకో నెల మీరే ఉండండి. కానీ ఊరికే మళ్ళీ ఇదే చూపిస్తే లాభం లేదు. తర్వాతేం చేస్తారు?"

డాక్టరు గారు ఆలోచిస్తూ నోరు తెరిచాడు. ఆయన కన్నా ముందు రేకులక్క అందుకుంది.

"రెండు మిల్లీమీటర్లు చేసి చూద్దామా?"

"రెండా?" అన్నాడు డాక్టరు గారు. "అక్కా, నువ్వా ఈ మాట అంటున్నది? మరీ మందమైతే పుట్టినవి బయటికి రాకుండా లోపలే చస్తాయి."

"మరి ఒకటిన్నర?"

"కావచ్చు. ఎక్కువా రావచ్చు, తక్కువా రావచ్చు. లెక్క కట్టాలి."

"మీరు లెక్క కట్టుకోండి. నేను మూడూ కోసి పెడతాను. ఒకటింబావు, ఒకటిన్నర, రెండు. కంప్యూటరు బొమ్మలో ఈసారి గాజు పోగు కూడా వేయండి, అది కూడా ఉందని మర్చిపోకండి."

"రేపు శనివారం కదమ్మా," అన్నాడు బాబాయ్.

"బంగారానికి శనివారమేంటి బాబాయ్?"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు, నడకా పరుగూ కాని ఆ టకటక, మెట్ల దాకా వినిపించి, మెట్ల మీద వేగం పెరిగింది.